ఫాండెంట్ కేక్‌కు చెమటలు ఎందుకు పడతాయి? విశాఖ ఉక్కపోతలో బొమ్మ కేక్ నిలవాలంటే ఇవి తెలియాల్సిందే!

విశాఖపట్నం: కంచరపాలెంలో ఓ ఇంటి వంటగది అనుకుందాం. శనివారం రాత్రి 11 గంటలైంది. మర్నాడు సాయంత్రం గాజువాకలో ఓ పాప మొదటి పుట్టినరోజు. రెండంతస్తుల కేక్, పైన గులాబీ రంగు ఫాండెంట్, దాని మీద చిన్న ఏనుగు పిల్ల. రెండు రోజుల కష్టం పూర్తయింది. పాడైపోతుందేమోనన్న భయంతో కేక్‌ను ఫ్రిజ్‌లో పెట్టి పడుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం బయటికి తీస్తే అద్దంలా నున్నగా ఉంది. పావుగంట గడిచిందో లేదో పైన నీటి బొట్లు. కాసేపటికి గులాబీ రంగు చారలు చారలుగా కిందికి జారింది. ఏనుగు తొండం వంగిపోయింది.

ఇంటి దగ్గర కేకులు చేసేవాళ్లకు ఈ కథ కొత్త కాదు. చేసినవాళ్లకు డబ్బు పోతుంది, చేయించుకున్నవాళ్లకు ఫంక్షన్ పాడవుతుంది. తప్పు చేతిదా? సరుకుదా? చాలాసార్లు రెండూ కావు. సముద్రం పక్కనున్న ఊళ్లో గాలికి, పంచదారకు కుదరని లెక్క అది. ఆ లెక్క ముందే తెలిస్తే కేక్ నిలబడుతుంది. అదెలాగో చూద్దాం.

అసలు ఫాండెంట్ అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే పంచదార ముద్ద. పొడి చేసిన ఐసింగ్ షుగర్‌లో గ్లూకోజ్ సిరప్, కొద్దిగా నీళ్లు, జెలటిన్, గ్లిజరిన్, వనస్పతి కలిపి చపాతీ పిండిలా పిసుకుతారు. కర్రతో పల్చగా వత్తి, దుప్పటిలా కేక్ మీద పరుస్తారు. అందుకే దీన్ని రోల్డ్ ఐసింగ్ అంటారు. షుగర్ పేస్ట్ అన్నా ఇదే.

ఇంట్లో చేసుకోవాలంటే 900 గ్రాముల ఐసింగ్ షుగర్‌కు అర కప్పు గ్లూకోజ్ సిరప్, పావు కప్పు నీళ్లు, పెద్ద చెంచాన్నర జెలటిన్, ఒక పెద్ద చెంచా గ్లిజరిన్, రెండు పెద్ద చెంచాల వనస్పతి సరిపోతాయి. జెలటిన్‌ను నీళ్లలో నానబెట్టి, మరగనివ్వకుండా కరిగించి మిగతావి కలపాలి. ముద్దను గాలి తగలకుండా చుట్టి ఒక రాత్రి ఉంచితే వత్తడానికి వీలుగా వస్తుంది.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, జెలటిన్ జంతువుల నుంచి వచ్చేది. శాకాహారులకు చేసే కేక్ అయితే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి జెలటిన్ లేని రకం కొనాలి. రెండు, గ్లిజరిన్ పని తేమను పట్టి ఉంచడం. ఎండు గాలి ఉన్న ఊళ్లలో అది ఫాండెంట్ పగలకుండా కాపాడుతుంది. విశాఖ లాంటి చోట గాలిలోనే కావాల్సినంత తేమ ఉంటుంది కాబట్టి వానాకాలంలో సగానికి తగ్గించుకోవచ్చు. ఏ దేశం వీడియోనో చూసి కొలతలు యథాతథంగా దించేస్తే మొదటి తేడా ఇక్కడే కొడుతుంది.

పంచదార బొమ్మలు మనకు కొత్తేం కాదు!

కేక్ బయటి నుంచి వచ్చిందే. పంచదారతో బొమ్మలు చేయడం మాత్రం తెలుగువాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. పెళ్లి సారెలో పెట్టే పంచదార చిలకలే సాక్ష్యం. ముదురు పాకం పట్టి, చెక్క అచ్చుల్లో పోసి, ఆరాక విప్పుతారు. ఆ చిలకల్ని వానాకాలంలో మూత లేకుండా వదిలేస్తే ఏమవుతుందో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. జిగటగా మారి చేతికి అంటుకుంటాయి. ఫాండెంట్‌కు జరిగేదీ అదే.

యూరప్‌లో పాత పద్ధతి రాయల్ ఐసింగ్. గుడ్డు తెల్లసొన, పంచదార పొడి కలిపి గిలకొట్టి పూస్తారు. ఆరితే సుద్దముక్కలా గట్టిపడుతుంది. 1947 నవంబర్ 20న జరిగిన బ్రిటన్ రాకుమారి ఎలిజబెత్ పెళ్లి కోసం చేసిన 9 అడుగుల కేక్‌ను ఇలాగే అలంకరించారు. అంత గట్టిగా కాకుండా కత్తికి మెత్తగా తెగేదే రోల్డ్ ఫాండెంట్. ఇప్పుడు మన పుట్టినరోజు కేకుల మీద కనిపించే కార్టూన్లు, కార్లు, కిరీటాలు ఎక్కువగా దీనితో చేసినవే.

చెమట ఎక్కడి నుంచి వస్తుంది?

ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల బాటిల్‌ను టేబుల్ మీద పెడితే రెండు నిమిషాల్లో బయట బొట్లు పడతాయి. బాటిల్ కారడం లేదు. గాలిలో ఉన్న తేమ చల్లటి గాజుకు తగిలి నీరవుతోంది. కేక్ మీద జరిగేది కూడా ఇదే.

ఒక్క లెక్క చూడండి. బయట 30 డిగ్రీల వేడి, గాలిలో తేమ 80 శాతం ఉందనుకుందాం. విశాఖలో వానాకాలం సాయంత్రం ఇది మామూలే. అలాంటి గాలి సుమారు 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేనికి తగిలినా దాని మీద నీరు పడుతుంది. ఫ్రిజ్‌లో కేక్ 4, 5 డిగ్రీల్లో ఉంటుంది. అంటే బయటికి తీసిన క్షణం నుంచే చెమట మొదలు.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకోటి ఉంది. ఫ్రిజ్ వద్దని 22 డిగ్రీల ఏసీ గదిలో పెట్టినా సరే, ఆ కేక్‌ను డబ్బా లేకుండా నేరుగా వీధిలోకి తెస్తే కొద్దిగా చెమట పడుతుంది. 22 కూడా 26 కంటే తక్కువే కదా!

బాటిల్ మీద పడిన నీళ్లు జారిపోతాయి. ఫాండెంట్ మీద పడిన నీళ్లు జారవు. పంచదార వాటిని పీల్చుకుని పాకంలా మారుతుంది. మెరుపు, జిగట, రంగు కారడం, చివరికి బొమ్మలు వాలిపోవడం.. అన్నీ దాని తర్వాతే.

ఫ్రిజ్‌లో పెడితే కారుతుంది.. బయట పెడితే పాడవుతుంది!

అసలు చిక్కు ఇదే. మన దగ్గర కేక్ అంటే చాలామందికి అలవాటైంది మెత్తటి స్పాంజ్, మధ్యలో విప్డ్ క్రీమ్, పైనాపిల్ ముక్కలు. వాటికి ఫ్రిజ్ ఉండాల్సిందే. పాల క్రీమ్, తాజా పండ్లు ఉన్న పదార్థాన్ని ఈ వేడిలో రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. ఫాండెంట్‌కు ఫ్రిజ్ పడదు. లోపల ఉన్నది చలి అడుగుతుంటే, పైన ఉన్నది వద్దంటుంది. ఒకే కేక్‌లో ఈ రెండూ పెట్టి ఇద్దరినీ మెప్పించాలనుకుంటే నష్టం తప్పదు.

బరువు సంగతి కూడా చూడాలి. 8 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు ఉన్న కేక్‌ను పూర్తిగా కప్పడానికి దాదాపు ముప్పావు కేజీ ఫాండెంట్ పడుతుంది. అంత బరువు విప్డ్ క్రీమ్ మీద పడితే క్రీమ్ పక్కలకు ఉబ్బుతుంది, లోపలి స్పాంజ్ కుంగుతుంది.

కాబట్టి ఆర్డర్ తీసుకునే రోజే ఒక నిర్ణయం జరిగిపోవాలి. మొత్తం ఫాండెంట్ కావాలంటే లోపల క్రీమ్, పండ్లు ఉండవు. చాక్లెట్ గనాష్ లాంటి గట్టి ఫిల్లింగ్, బరువు మోసే చిక్కటి కేక్ ఉంటాయి. పైనాపిల్ క్రీమే కావాలంటే కేక్‌ను క్రీమ్‌తోనే పూర్తి చేసి, ఫాండెంట్‌తో బొమ్మలు మాత్రం విడిగా చేసి, కోసే ముందు పైన పెట్టుకోవాలి. దీన్నే సెమీ ఫాండెంట్ అంటున్నారు. ఉక్కపోత ఊళ్లకు ఇది మంచి మధ్యే మార్గం. ఖర్చు కూడా తగ్గుతుంది.

కింది పొరే అసలు బలం

పైన ఫాండెంట్ నున్నగా కనిపించాలంటే కింద గోడ నున్నగా ఉండాలి. సున్నం వేసే ముందు గోడకు లప్పం పెట్టినట్టే ఇది. ఆ లప్పమే గనాష్. వేడి చేసిన క్రీమ్‌లో చాక్లెట్ కరిగించి చల్లారిస్తే వచ్చే పేస్ట్. డార్క్ చాక్లెట్ అయితే రెండు వంతుల చాక్లెట్‌కు ఒక వంతు క్రీమ్. వైట్ చాక్లెట్ అయితే మూడు వంతులకు ఒక వంతు. మే నెల ఎండల్లో చాక్లెట్ ఇంకొంచెం పెంచుకోవాలి.

బటర్‌క్రీమ్ వాడొచ్చా? చలికాలంలో పర్వాలేదు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది. వేసవిలో విశాఖ వంటగది వేడి దాదాపు అంతే. ఇక గోడ ఎలా నిలుస్తుంది?

గనాష్‌ను రెండు పూతలుగా వేయాలి. మొదటి పూత కేక్ పొడిని పట్టేస్తుంది. రెండో పూత అంచుల్ని పదును చేస్తుంది. తర్వాత కనీసం ఆరేడు గంటలు, వీలైతే రాత్రంతా చల్లని గదిలో వదిలేయాలి. వేలితో నొక్కితే గుంట పడకూడదు. అప్పుడే ఫాండెంట్ వైపు చూడాలి.

పరచడం ఎలా? స్టెప్ బై స్టెప్

* గదిలో ఏసీ ఉంటే అరగంట ముందే డ్రై మోడ్‌లో వేయండి. ఇది గాలిలో తేమను లాగేస్తుంది. పక్కనే పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఆ ఆవిరంతా ఫాండెంట్‌లోకే వెళ్తుంది.

* ముద్దను చేత్తో బాగా పిసకండి. అంటుకుంటుంటే చేతికి చిటికెడు కార్న్‌ఫ్లోర్, పగులుతుంటే కొద్దిగా వనస్పతి. గోధుమపిండి మాత్రం వద్దు, రుచి చెడుతుంది.

* సైజు లెక్క: కేక్ వెడల్పుకు రెండు వైపుల ఎత్తు కలపండి. 8 అంగుళాల కేక్, 4 అంగుళాల ఎత్తు అయితే 8 + 4 + 4 = 16. చేతి పట్టుకు ఇంకో అంగుళం. అంటే 17 అంగుళాల చక్రం వత్తాలి. మందం 3 నుంచి 4 మిల్లీమీటర్లు. ఇంకా పల్చనైతే కింది గనాష్ కనిపిస్తుంది, మందమైతే తినేటప్పుడు పంటికి అడ్డు పడుతుంది.

* వత్తేటప్పుడు చపాతీలా తిరగేయకూడదు. కింద పొడి చల్లి, పావు చుట్టు చొప్పున జరుపుతూ వత్తాలి.

* గనాష్ మీద తడి బ్రష్‌తో అతి పల్చగా నీళ్లు లేదా పంచదార నీళ్లు రాయండి. ఎక్కువైతే ఫాండెంట్ జారుతుంది.

* చక్రాన్ని కర్రకు చుట్టి ఎత్తి కేక్ మీద విప్పండి. ముందు పైభాగం, తర్వాత అంచులు, చివర్లో పక్కలు. పక్కల్లో మడతలు పడితే నొక్కేయకండి. లంగా కుచ్చిళ్లు విప్పినట్టు కింది అంచును మెల్లగా బయటికి లాగి, పై నుంచి కిందికి అరచేత్తో అంటించండి.

* అడుగున మిగిలింది కత్తితో కోసేయండి. కోసిన ముక్కల్ని వెంటనే కవర్‌లో చుట్టి పెడితే బొమ్మలకు పనికొస్తాయి.

మొత్తం పని పది నిమిషాల్లో అయిపోవాలి. ఆలస్యమైతే పై పొర ఆరి, ఎండిన చెరువు మట్టిలా పగుళ్లు వస్తాయి. అలా వస్తే వేలికి వనస్పతి రాసుకుని గుండ్రంగా రుద్దండి, చిన్న పగుళ్లు మూసుకుపోతాయి. లోపల గాలి బుడగ కనిపిస్తే శుభ్రమైన గుండుసూదితో ఏటవాలుగా గుచ్చి, గాలి బయటికి వచ్చాక నునుపు చేయండి. ఆ సూదిని ఎక్కడ పెట్టారో మాత్రం మర్చిపోవద్దు.

బొమ్మలు ముందు, కేక్ తర్వాత

ఏనుగు తొండం ఎందుకు వంగింది? దాన్ని కేక్ కప్పిన మామూలు ఫాండెంట్‌తోనే, అదే రోజు చేశారు కాబట్టి. బొమ్మలకు ముద్ద గట్టిగా ఉండాలి. దానికోసం సీఎంసీ అనే గమ్ పౌడర్ కలుపుతారు. పావు కేజీ ఫాండెంట్‌కు ఒక చిన్న చెంచా చాలు. బొమ్మల్ని కనీసం రెండు మూడు రోజుల ముందే చేసి ఆరబెట్టాలి. వానాకాలంలో ఇంకో రోజు కలుపుకోవాలి.

ఆరిన బొమ్మల్ని గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టడం పొరపాటు. లోపలి తేమ బయటికి పోదు, బొమ్మ మళ్లీ మెత్తబడుతుంది. అట్టపెట్టె మేలు. బొమ్మకు తగలకుండా ఓ మూల సిలికా జెల్ పొట్లం పెట్టొచ్చు.

లోపల టూత్‌పిక్, తీగ లాంటివి పెడితే కేక్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. పుట్టినరోజు నాడు ఆ బొమ్మ ముందుగా వెళ్లేది పిల్లల నోట్లోకే మరి. పూలకు వాడే తీగల్ని కేక్‌లో నేరుగా గుచ్చకుండా స్ట్రా ముక్కలో పెట్టి గుచ్చాలి.

ఆ రంగుల వెనుక జాగ్రత్త!

నీళ్ల రంగులు ఫాండెంట్‌ను జిగట చేస్తాయి. జెల్ రంగులే వాడాలి, అవీ టూత్‌పిక్ కొనతో కొంచెం కొంచెంగా. ముదురు ఎరుపు, నలుపు కావాలంటే ముందు రోజే కలిపి ఉంచితే రాత్రికి రంగు తనంతట తనే చిక్కబడుతుంది. గులాబీ, ఊదా రంగులు ఎండ తగిలితే వెలిసిపోతాయి. కిటికీ పక్కన పెట్టొద్దు.

రంగు అందంతో ఆగే విషయం కాదు. మన దేశంలో ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు 8 మాత్రమే. వాటికీ మోతాదు పరిమితి ఉంది. 2024 అక్టోబర్‌లో కర్ణాటక ఆహార భద్రత విభాగం 235 కేక్ నమూనాలు పరీక్షిస్తే 12 నమూనాల్లో ప్రమాదకర స్థాయిలో కృత్రిమ రంగులు బయటపడ్డాయి. రెడ్ వెల్వెట్, బ్లాక్ ఫారెస్ట్ లాంటి పేరున్న రకాలు కూడా అందులో ఉన్నాయి.

మెరుపు పొడులతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2018లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఓ పుట్టినరోజు కేక్ తిన్న ఆరుగురు పిల్లలు వాంతులు, విరేచనాలతో ఇబ్బంది పడ్డారు. ఆరా తీస్తే కేక్ మీద పూసిన మెరుపు పొడిలో రాగి చాలా ఎక్కువగా ఉందని తేలింది. డబ్బా మీద 'నాన్ టాక్సిక్' అని రాసి ఉన్నంత మాత్రాన అది తినే సరుకు కాదు. 'ఎడిబుల్' అని, లోపల ఏమేం కలిపారో రాసి ఉంటేనే కొనాలి.

కంచరపాలెం నుంచి కేక్ బయల్దేరాక..

ఇంట్లో నిలిచిన కేక్ దారిలో కూలిపోవచ్చు. ఊర్వశి జంక్షన్ దాటి హైవే ఎక్కితే ఎన్ఏడీ వైపు ట్రాఫిక్, సడన్ బ్రేకులు.. అన్నీ కేక్ మీదే పడతాయి. రెండంతస్తుల కేక్ అయితే కింది అంతస్తులో నాలుగైదు గట్టి స్ట్రాలు లేదా డోవెల్ పుల్లలు నిలువుగా దించి, వాటి మీద పల్చటి బోర్డు వేసి, పై అంతస్తు పెట్టాలి. అప్పుడు బరువు పుల్లల మీద పడుతుంది, కింది కేక్ మీద కాదు. దూరం ఎక్కువైతే రెండు అంతస్తుల్ని విడివిడిగా తీసుకెళ్లి అక్కడే పేర్చడం ఇంకా మంచిది.

కారులో అయితే సీటు మీద కాదు, కింద చదునుగా ఉన్న చోట, జారని మ్యాట్ మీద డబ్బా పెట్టాలి. సీటు వాలుగా ఉంటుంది, కేక్ కూడా వాలుతుంది. ఒళ్లో పెట్టుకుంటే ఒంటి వేడి తగులుతుంది. బండి మీద అయితే బొమ్మల్ని వేరే డబ్బాలో పెట్టుకుని అక్కడికెళ్లాక అతికించడమే క్షేమం.

తప్పనిసరై ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తే? కేక్‌ను అట్టపెట్టెలో పెట్టి, పైన ప్లాస్టిక్ చుట్టి అప్పుడు ఫ్రిజ్‌లో ఉంచండి. బయటికి తీశాక కవర్ విప్పొద్దు. రెండు మూడు గంటలు అలాగే వదిలేస్తే చెమట డబ్బా మీద పడుతుంది, కేక్ మీద పడదు. లోపలిది గనాష్ కేక్ అయితేనే ఈ చిట్కా. క్రీమ్ కేక్‌ను అంతసేపు బయట ఉంచకూడదు. ఒకవేళ అప్పటికే చెమట పట్టేస్తే గుడ్డతో తుడవొద్దు, వేలు పెట్టొద్దు. ఫ్యాన్ కింద లేదా ఏసీ గాలికి వదిలేస్తే చాలావరకు అదే ఆరిపోతుంది. తాకితే మాత్రం వేలి ముద్ర అలాగే ఉండిపోతుంది.

ఆర్డర్ ఇచ్చేవాళ్లు ఈ 5 ప్రశ్నలు అడగండి

1. రెండు కేజీలు అంటే ఫాండెంట్‌తో కలిపా, లేక కేక్ బరువు మాత్రమేనా?
2. లోపల ఏ ఫిల్లింగ్? బయట ఎంతసేపు ఉంచొచ్చు?
3. ఫాండెంట్‌లో జెలటిన్ ఉందా?
4. బొమ్మల్లో పుల్లలు, తీగలు ఉన్నాయా? ఎక్కడున్నాయి?
5. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉందా? ఇంటి నుంచి అమ్మినా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబర్‌లో 14 అంకెలుంటాయి.

ధర ఎందుకంత ఎక్కువ అనే ప్రశ్నకూ ఇక్కడే సమాధానం దొరుకుతుంది. బొమ్మలు ఆరడానికి మూడు రోజులు, గనాష్ గట్టిపడటానికి ఒక రాత్రి, పరచడానికి సగం పూట. క్రీమ్ కేక్ మాదిరి పొద్దున చెబితే సాయంత్రానికి అయ్యే పని కాదు. రేపటికి కావాలని అడిగితే, కాదని చెప్పినవాళ్లే పని తెలిసినవాళ్లు.

విశాఖలో ఫాండెంట్‌కు అనువైన కాలం డిసెంబర్, జనవరి. తేమ తగ్గుతుంది, రాత్రులు చల్లబడతాయి, క్రిస్మస్, న్యూ ఇయర్ ఆర్డర్లూ అప్పుడే. కానీ పాప పుట్టినరోజు జులైలో వస్తే వాయిదా వేయలేం కదా! ఆ గాజువాక కేక్‌నే తీసుకుంటే, లోపల గనాష్ పెట్టి, ఏనుగును బుధవారమే చేసి ఆరబెట్టి, శనివారం రాత్రి ఫ్రిజ్ తలుపు తీయకుండా ఏసీ గదిలో డబ్బాలో ఉంచి, ఆదివారం మూసిన డబ్బాతోనే బయల్దేరితే చాలు. పాప చేతికి కత్తి ఇచ్చేసరికి తొండం పైకే ఉంటుంది.